‘చెక్ చేసిన’ అంటే ఏం చేసినట్టు?

మా కాలనీలో రిటైర్మెంటు అంటే అరవై ఏళ్ళు, శాలువా, పూలదండ, గోడ గడియారం. నేను నలభై నిండకముందే రిటైరయ్యాను. శాలువా కప్పారు, దండ వేశారు. గడియారం మాత్రం ఇవ్వలేదు. వీడి దగ్గర టైం బోలెడంత ఉందిలే అనుకున్నారు కాబోలు.

బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్‌గా చేశాను. చివర్లో కొన్నాళ్ళు బాయి పైన ల్యాంపు రూంలో, లోపలికి దిగేవాళ్ళకు దీపాలు అందించాను. తర్వాత అదీ మానుకున్నాను. ఇప్పుడు గోదావరిఖనిలో ఒక జిరాక్సు షాపు మీది గదిలో, సర్దార్ పరీక్షకు పోయే పిల్లలకు ఇంగ్లీషు చెప్తున్నాను. వాళ్ళు గ్రామర్ అడుగుతారు. నేను భయం చెప్తాను. వాళ్ళలో కొందరు రెండో రోజు నుంచి రావడం లేదు. వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ప్రమోషన్లు ఎట్లా వస్తాయి, ఏ సారును ఎట్లా మంచి చేసుకోవాలి అనేవి ఇందులో ఉండవు. అవి చెప్పేవాళ్ళు మా దగ్గర ప్రతి టీకొట్టులో ఉన్నారు, టీ కూడా వాళ్ళే తాగిస్తారు.

సర్దార్ పని

సర్దార్ అంటే బయటివాళ్ళకు తలపాగా గుర్తొస్తుంది. మా దగ్గర సర్దార్ అంటే షిఫ్టులో అందరికన్నా ముందు పని చోటికి పోయేవాడు. అతను పోయి వచ్చేదాకా మిగతా మనుషులు దారులు కలిసే జంక్షన్ దగ్గర కూర్చుంటారు. అతను వచ్చి ఒక మాట అంటాడు. ఆ మాట మీద వాళ్ళు లేచి, టోపీలు సర్దుకుని, లోపలికి నడుస్తారు. ఉద్యోగమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. అది ఒక ఇంగ్లీషు క్రియాపదం, మా బొగ్గు బెల్టు ఊళ్ళలో ఎవరి నోట విన్నా ఒకటే: ‘చెక్ చేసిన.’

మేము చెక్ చెయ్యని వస్తువు లేదు. అంగట్లో వంకాయలు చెక్ చేస్తాం. పిల్లగాని ఒంటి మీద చెయ్యి పెట్టి జ్వరం చెక్ చేస్తాం. పెళ్ళిచూపులకు పోయి వచ్చి ‘చెక్ చేసినం, మంచోళ్ళే’ అంటాం. వంకాయ పుచ్చుదైతే పారేస్తాం. పెళ్ళివారు పుచ్చువాళ్ళయితే సర్దుకుపోతాం. బండ సంగతి అట్లా కాదు.

బొగ్గు తీసిన చోట మన తల మీద మిగిలేదాన్ని పుస్తకాల్లో పైకప్పు అంటారు. మేము బండ అంటాం. కప్పు అంటే ఎవరో కట్టినట్టు ఉంటుంది. బండను ఎవరూ కట్టలేదు. అది ఎందుకు ఆగి ఉందో ఎవరికీ పూర్తిగా తెలియదు. తెలియదు కాబట్టే సర్దార్ అనే ఉద్యోగం ఒకటి ఉంది.

మొదటిసారి దిగిన రోజు నాకు భయం వేయలేదు. ఎంత వెడల్పున ఏముందో కనిపిస్తేనే కదా భయం. నా టోపీ మీది దీపం చూపించిన చిన్న గుండ్రం తప్ప మిగతాదంతా లేనట్టే ఉంది. భయం తర్వాత, నేర్పుతుంటే వచ్చింది. నేర్పినవాడు దాసు సారు.

దాసు సారు

బాయిలో మేము పని చేసే భాగాన్ని డిస్ట్రిక్టు అంటారు. దాసు సారు మా డిస్ట్రిక్టుకు ఓవర్‌మేన్, అంటే సర్దార్ల మీది అధికారి. వాళ్ళ తాత కాలం నుంచీ ఆ కుటుంబం బాయి పనిలోనే ఉంది. ఆదివారం చర్చిలో ముందు బెంచీ, మిగతా రోజుల్లో లోపల అందరికన్నా ముందు. ఇంగ్లీషు అంటే ప్రాణం. ఆ భాషలో ఒక మాటకు ఇంకో మాట అచ్చంగా సమానం కాదనీ, అట్లా ఉంటే తెల్లవాళ్ళు రెండో మాటను ఎప్పుడో అమ్ముకునేవాళ్ళనీ ఆయన సిద్ధాంతం.

నేను చూసినవాళ్ళలో అంత భయస్థుడు ఇంకొకరు లేరు. పెళ్ళికి పోతే షామియానా గుంజను ఒకసారి ఊపి గానీ కింద కూర్చోడు. ఎవరింటికి పోయినా ఫ్యాన్ కింద కుర్చీ వేస్తే పక్కకు జరుపుకుంటాడు. మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం. నేనైతే ఆయన నడకను, మెడ ఎత్తి చూసే తీరును క్యాంటీన్‌లో చేసి చూపించి టీలు సంపాదించేవాడిని. ఆయన మనుషులు ఏటికేడు అందరూ నడుచుకుంటూ బయటికి వచ్చేవాళ్ళు. అది నవ్వులాటలో గుర్తుకు రాదు.

సర్దార్‌గా నా మొదటి వారంలో, పని చోటు చూసి వచ్చి నేనూ అందరిలాగే అన్నాను, చెక్ చేసిన సార్ అని. ఆయన వినలేదేమో అనిపించింది. మళ్ళీ అన్నాను.

“దేనితోటి చేసినవ్?” అన్నాడు.

“కండ్లతోటి సార్.”

“కండ్లతోటైతె చూసిన అను. చెక్ అని ఎందుకు పెద్దగ చేస్తున్నవ్?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. జంక్షన్‌లో కూర్చున్న మనుషులను చూపించి, వీళ్ళు నీ కండ్ల మీద పోవాల్నా, నీ చేతుల మీద పోవాల్నా, ముందుగాల అది చెప్పు అన్నాడు. ఆ మనుషులు కూడా అప్పుడే నన్ను మొదటిసారి చూసినట్టు చూశారు.

నాలుగు మాటలు

ఆయన చెప్పినవి ఇవి. పరీక్షలో పనికొస్తాయి కాబట్టి పిల్లలు రాసుకుంటారు. లోపల పనికొస్తాయని నేను వేరే చెప్పాల్సి వస్తుంది.

ఇన్‌స్పెక్ట్ చెయ్యడమంటే అధికారం ఉన్నవాడు తిరిగి చూడటం. పై నుంచి పెద్ద సార్లు వస్తారు. కొత్త బూట్లు, మడత నలగని చొక్కా, చేతులు వెనక్కి. నడుస్తూ నడుస్తూ అటూ ఇటూ చూస్తారు. అది ఇన్‌స్పెక్ట్. తప్పేం లేదు, వాళ్ళ పని అదే. కానీ వాళ్ళు చూశారని బండకు తెలియదు.

చెక్ అంటే ముందే తెలిసినదానితో పోల్చుకోవడం. ఇక్కడ బండ కింద ఇన్ని ఊతకర్రలు ఉండాలి, ఉన్నాయా? నిన్న నీళ్ళు ఇక్కడిదాకా ఉన్నాయి, ఇవాళ కూడా అంతేనా? నా దీపం మీది నంబరు, నా పేరు పక్కన ఉన్న నంబరు ఒకటేనా? పోల్చడానికి ఒక లెక్క ముందే చేతిలో ఉంటేనే చెక్. లెక్క లేనిదాన్ని చెక్ చెయ్యలేం.

ఎగ్జామిన్ అంటే ఒకచోట ఆగి, దగ్గరికి పోయి, పట్టిపట్టి చూడటం. డాక్టరు నాలుక చాపమంటాడు, కనురెప్ప కిందికి లాగుతాడు, అట్లా. బండలో వెంట్రుకంత పగులు కనిపిస్తే దాని వెంట దీపం పట్టుకుని, అది ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో చూడటం ఎగ్జామిన్. నడుస్తూ ఎగ్జామిన్ చెయ్యడం కుదరదు.

ఇక టెస్ట్. దీని దగ్గరికొచ్చేసరికి దాసు సారు గొంతు తగ్గించేవాడు.

“మొదటి మూడిట్ల పని చేసేది నువ్వు. టెస్టుల పని చేసేది అది. నువ్వు ఒక దెబ్బ కొడుతవ్. అది జవాబు చెప్తది. జవాబు వచ్చేదాంక ఆగాలె. ఆగకపోతె నువ్వు కొట్టినవ్, గంతే.”

ఇంగ్లీషులో ‘బండను చెక్ చేశాను’ అని రాస్తే తప్పు పట్టేవాళ్ళు ఎవరూ లేరు. వాక్యం శుభ్రంగానే ఉంటుంది. పరీక్షలో మార్కులు కూడా పడతాయి. ఊతకర్రలను చెక్ చేశాను, పగులును ఎగ్జామిన్ చేశాను, బండను టెస్ట్ చేశాను అని విడివిడిగా చెప్పడం నేర్చుకోమనేది మార్కుల కోసం కాదు. అట్లా చెప్పాలంటే ముందు ఆ మూడు పనులూ విడివిడిగా చేసి ఉండాలి. ఒక్క మాటలో చుట్టేసేవాడు, ఒక్క పని చేసి వచ్చినా చుట్టేయగలడు.

బండ జవాబు

చేతిలో కొన దగ్గర లోహం తొడిగిన కర్ర ఉంటుంది. ఊత ఉన్న చోటే నిలబడి, ఊత లేని వైపు చెయ్యి చాపి బండను కొట్టాలి. గట్టి బండైతే టంగుమని మోగుతుంది. పొర విడిపోయి, పైకి గట్టిగా కనిపిస్తూ లోపల ఖాళీ పడినదైతే డొల్లగా, మట్టికుండ కొట్టినట్టు వినిపిస్తుంది. చెయ్యి అందే ఎత్తైతే రెండో అరచేయి బండకు ఆనించి కొట్టాలి, డొల్లది అరచేతి కింద వణుకుతుంది. చాలా చోట్ల అందదు. అక్కడ చెవి ఒక్కటే దిక్కు.

రాయడానికి ఇంతే. చేసేటప్పుడు ఇంకోటి కూడా ఉంటుంది. కొట్టిన దెబ్బకూ వచ్చిన శబ్దానికీ మధ్య ఖాళీ ఏమీ ఉండదని సైన్సు చెప్తుంది. లోపల నిలబడ్డవాడికి ఉంటుంది. ఆ ఖాళీలో నాకు నా పెళ్ళి, పిల్లలు, కట్టని కరెంటు బిల్లు అన్నీ గుర్తొచ్చేవి. టంగుమనగానే బిల్లు తప్ప అన్నీ మరిచిపోయేవాడిని.

దాసు సారు మా డిస్ట్రిక్టులో ఒక అలవాటు పెట్టాడు. షిఫ్టు మారేటప్పుడు పోయే సర్దార్, వచ్చే సర్దార్ జంక్షన్ దగ్గర ఎదురుపడి చోటు అప్పజెప్పుకుంటారు. అది అన్ని బాయిల్లో ఉన్నదే. మా దగ్గర పోయేవాడు ‘టెస్ట్ చేసిన’ అంటే వచ్చేవాడు ‘ఏమన్నది?’ అని అడగాలి. బండ ఏమన్నదో చోటు చోటుకు చెప్పాలి: ఇక్కడ గట్టిగ మోగింది, మూల మీద డొల్ల, అక్కడ అనుమానం. చెప్పలేకపోతే టెస్ట్ జరగనట్టు లెక్క. వచ్చినవాడు మొదటి నుంచీ తానే కొట్టుకోవాలి.

ఈ అలవాటు మీద కాలనీలో జోకులు పుట్టాయి. పప్పులో ఉప్పు టెస్ట్ చేశానని మా స్వరూప అంటే, ఏమన్నది అని నేను అడిగేవాడిని. నీ మొఖానికి ఎక్కువైందన్నది అనేది నా భార్య. వాళ్ళ తమ్ముడు ఓదెలు మా డిస్ట్రిక్టులోనే ఊతలు పెట్టే పని చేసేవాడు, రోజూ నా వెనకాలే లోపలికి వచ్చేవాడు. వాడైతే ఇంటికొచ్చి మా మేకను కర్రతో తట్టి, దాని మొహంలో మొహం పెట్టి అడిగేవాడు.

సమ్మె తర్వాతి మొదటి షిఫ్టు

రాష్ట్రం కోసం సమ్మె జరిగిన రోజుల్లో బాయిలన్నీ ఆగాయి. నీళ్ళు తోడేవాళ్ళు, దారులు చూసేవాళ్ళు తప్ప ఎవరూ దిగలేదు. మేము రోడ్ల మీద వంటలు చేసుకున్నాం, బతుకమ్మలు ఆడాం. లోపల బండ మాత్రం సమ్మె చెయ్యదు, దాని బరువు అది దించుకుంటూనే ఉంటుంది.

సమ్మె అయిపోయి మళ్ళీ దిగిన రోజు మొదటి షిఫ్టు నాది. మాకన్నా ముందు షిఫ్టులో మా డిస్ట్రిక్టు చూడటానికి దిగినవాడు కొమురయ్య. నాకన్నా చాలా పెద్ద, అందరికీ కొమురన్న. జంక్షన్‌లో ఎదురుపడ్డాడు.

“అంత చెక్ చేసిన తమ్మీ. ఫికర్ లేదు,” అన్నాడు.

“టెస్ట్ చేసినవా అన్నా?”

“గదే గద.”

“ఏమన్నది మరి?”

“ఏమంటది. ఇన్ని రోజులాయె, సదానందం కనబడుతలేడు, బాగున్నడా అన్నది.”

అందరూ నవ్వారు, సదానందం అనే నేను కూడా. కొమురన్న వెళ్ళిపోయాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. సమ్మెకు ముందు ఎన్ని ఊతలు ఉన్నాయో అన్నీ నిలబడే ఉన్నాయి. నీళ్ళు పెరగలేదు. దారిలో రాయి రాలలేదు. ముందున్నట్టే ఉందా అని పోల్చాడు, ముందున్నట్టే ఉంది. చెక్ అనే మాటకు అర్థం ఎంతో అంతా చేశాడు. మిగిలింది నా పని.

మనుషులను జంక్షన్‌లో కూర్చోబెట్టి, ఓదెలును తోడు తీసుకుని లోపలికి పోయాను. ఈలోగా రెండుసార్లు బాయి ఫోను మోగింది. అండర్ మేనేజర్ సారు కొత్తవాడు, మా వైపువాడు కాడు, ఎంతో మర్యాదగా ఎంతసేపండీ, ఎంతసేపండీ అని అడుగుతున్నాడు. ఆయన్ని పై నుంచి ఎవరో మర్యాద లేకుండా అడుగుతున్నారని ఆ గొంతులోనే తెలుస్తోంది. ఊళ్ళలో కరెంటు లేదు, బొగ్గు కావాలి.

కొట్టాను. టంగుమంది. ఒక అడుగు పక్కకు కొట్టాను. టంగుమంది. సమ్మె తర్వాత బండ ఇంత గట్టిగా ఉంటుందని అనుకోలేదు. ఎక్కడ కొట్టినా గుడిగంటలాగా మోగుతోంది. సంతోషం వేసింది. మనుషులను పిలవడానికి వెనక్కి తిరిగి నోరు తెరిచాను.

“బావా, మల్ల ఒకపాలి కొట్టు,” అన్నాడు ఓదెలు.

“ఎందుకురా?”

“డొల్లగ ఇనబడ్డది.”

“యాడ?”

“నువ్వు కొట్టిన కాడనే.”

ఈ బామ్మర్ది ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. వాడి మొహం మీదికి దీపం తిప్పాను. ఎగతాళి లేదు. మళ్ళీ కొట్టాను. నాకు టంగుమనే వినిపించింది. వాడు వద్దన్నట్టు తల ఊపాడు.

అక్కడ నా చెయ్యి బండకు అందదు. చివరి ఊత కిందికి ఓదెలు ఒక దుంగ దొర్లించాడు. దాని మీద నిలబడి, ఊత దాటి చెయ్యి చాపి, అరచేయి ఆనించి, రెండో చేత్తో కొట్టాను. అరచేతి కింద బండ వణికింది. పాత బస్సులో కిటికీ అద్దం మీద చెయ్యి పెడితే ఎట్లా ఉంటుందో అట్లా. చెవిలో మాత్రం అదే గంట, కమ్మగా.

దుంగ మీద నుంచి ఎట్లా దిగానో గుర్తు లేదు. కర్ర ఓదెలుకు ఇచ్చి, నేను దాటి వచ్చిన చోట్లన్నీ మళ్ళీ కొట్టమన్నాను. వాడు కొడుతూ గట్టి, డొల్ల, డొల్ల, గట్టి అని చెప్తూ పోయాడు. నాకు అన్నీ గట్టే.

మనుషులను వెనక్కి పంపాను. దారికి అడ్డంగా కర్రలు కట్టించాను. ఫోనులో అండర్ మేనేజర్ సారు ఈసారి అంత మర్యాదగా మాట్లాడలేదు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన కూడా భయపడుతున్నాడు, వేరే దానికి. ఆ షిఫ్టూ తర్వాతి షిఫ్టూ ఊతలు పెట్టడానికే సరిపోయాయి.

బండ పడిందని చెప్తానని ఎదురుచూస్తున్నవాళ్ళు మన్నించాలి. పడలేదు. ఊతలు ఆపాయో, దానికే బద్ధకమో. పడి ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది, నన్ను నలుగురు మెచ్చుకునేవాళ్ళు. పడలేదు కాబట్టి, అనవసరంగా రెండు షిఫ్టులు బొగ్గు ఆపాడన్నారు. మీకూ చాలావరకు ఇదే జరుగుతుంది, ముందే తెలిసి ఉండటం మంచిది.

ఫిట్

ఆ షిఫ్టులోనే దాసు సారుకు చెప్పాను. ఆయన, చెవిలో ఎప్పుడన్నా గంట మోగినట్టు ఉంటదా అని అడిగాడు. అప్పుడు అర్థమైంది. సమ్మె రోజుల్లో ఇంట్లో కూర్చున్నప్పుడు ఎక్కడో మిక్సీ తిరుగుతున్నట్టు వినిపించేది. ఆపమని స్వరూపను రెండు మూడుసార్లు కసిరాను. ఆమె మిక్సీ ప్లగ్గు చేత్తో పట్టుకొచ్చి చూపించింది. పక్కింటివాళ్ళది కాబోలు అనుకున్నాను. ఏళ్ళ తరబడి డ్రిల్లుల పక్కన నిలబడ్డ చెవి, తన గంట తానే మోగించుకోవడం మొదలుపెట్టింది. చెవిలో గంట ఎప్పుడూ ఉంటే, ఏ బండను కొట్టినా మోగినట్టే ఉంటుంది.

ఆ రోజు నుంచే నన్ను పని చోటు నుంచి తప్పించి, బొగ్గు మోసే బెల్టు దగ్గర పెట్టి, దవాఖానకు పంపారు. అక్కడ అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు మూతలు పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా వేలెత్తమన్నారు. ఎత్తాను. డాక్టరు కాగితం మీది గీతలు చూసి, కొంచెం తగ్గింది గానీ రూలు ప్రకారం మీరు ఫిట్, డ్యూటీ చేసుకోవచ్చు అన్నాడు. లోపల మోగే గంట సంగతి అడిగాను. దాన్ని బయట నుంచి వినే మిషను ఇంకా రాలేదు, అలవాటవుతుందిలే అన్నాడు. అదే నా భయం అని ఆయనకు చెప్పలేదు. మంచి మనిషి.

ఇంట్లో ఫిట్ అన్న మాటకు స్వరూప దేవుడి ముందు దీపం పెట్టింది. క్వార్టరు ఉంటుంది, పిల్లల బడి ఉంటుంది, అరవై దాకా బాధ లేదు. నేను అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోవడం చూసింది.

“ఫిట్ అన్నరు గద. మల్ల ఏందట?” అంది.

ఓదెలు ఏం విన్నాడో, నేను ఏం విన్నానో చెప్పాను. అప్పటిదాకా మేమిద్దరం ఆమెకు చెప్పలేదు. ఆమె చాలాసేపు గిన్నెలు సర్దుతూ ఉండిపోయింది. కోపం వస్తే గిన్నెలు చప్పుడవుతాయి. ఆ రోజు చప్పుడు కాలేదు. లేక నాకే వినపడలేదేమో.

“నువ్వు మంచిగున్నదని చెప్తె మా ఓదెలుగాడేగద ముందుగాల లోపటికి పోయేది,” అంది చివరికి, నా వైపు తిరగకుండా.

క్వార్టరు గురించి ఇంక మాట్లాడలేదు. దవాఖానలో ఒక లెక్క ఉంది, నా చెవిని దానితో పోల్చారు, సరిపోయింది. తప్పు చెయ్యలేదు. నేను కొట్టిన బండ డొల్లదైతే నాకు తెలుస్తుందా లేదా అనేది మాత్రం ఎవరూ అడగలేదు.

పాత దారిలో

దాసు సారు అడిగాడు. సెలవు రోజు మేనేజరుకు చెప్పి, నన్ను ఒక పాత దారిలోకి తీసుకుపోయాడు. ఎక్కడ గట్టి, ఎక్కడ డొల్ల అనేది ఆయనకు ఇంటి గోడల్లా తెలిసిన చోటు. నన్ను ఊతల కింద, అటువైపు తిరిగి, కళ్ళు మూసుకుని నిలబడమన్నాడు.

బెల్టు తిరగని రోజు బాయిలో నిశ్శబ్దం వేరే రకంగా ఉంటుంది. నీటి చుక్క పడటం వినిపిస్తుంది. నాకైతే చుక్కకూ చుక్కకూ మధ్య కూడా గంట వినిపిస్తోంది. కళ్ళు మూసుకుంటే నా వెనకాల ఉన్నది దాసు సారో కాదో కూడా తెలియలేదు. ఒక దెబ్బ పడింది.

“గట్టి,” అన్నాను.

ఇంకో దెబ్బ. గట్టి అన్నాను. ఇంకోటి. కొంచెం ఆలోచించి, గట్టే అన్నాను. ఒకచోట డొల్ల అని కూడా అన్నాను, నిజం చెప్పాలంటే అన్నిటికీ గట్టి అంటే బాగుండదని. చొక్కా వీపుకు అంటుకుపోయింది. స్కూల్లో కూడా ఏ పరీక్షకూ నాకు ఇంత చెమట పట్టలేదు, అక్కడ ఫెయిలవుతానని ముందే తెలుసు కాబట్టి.

చాలనిపించాక, తిరిగి చూడమన్నాడు. దీపం ఎత్తాను. కొట్టిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టాడు. గట్టిదానికి గుండ్రం, డొల్లదానికి అడ్డగీతలు. నేను గట్టి అన్న చోట్ల వరసగా అడ్డగీతలు ఉన్నాయి. డొల్ల అన్న ఒక్క చోట చక్కని గుండ్రం ఉంది.

“నా చేతిల బండలన్ని పాసే సార్. పాపం ఒకటే ఫెయిలైంది,” అన్నాను.

ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు, అలవాటు కొద్దీ నోరు అంది. ఆ అడ్డగీతల కింద ఓదెలు నడుస్తున్నట్టు కనిపించింది, వాడి వెనకాల మిగతావాళ్ళు, నా మాట విని టోపీలు సర్దుకుంటూ.

“కాయిదం మీద ఫిట్టే ఉన్నవ్. నేను రాసేది ఏం లేదు,” అన్నాడు దాసు సారు. “నువ్వే చెప్పాలె.”

“ఇగ లోపటికి దిగను సార్,” అన్నాను.

ఆయన కర్ర అందుకుని, పోదాం పా అన్నాడు. ఆయన ముందు, నేను వెనక. సర్దార్ అయినప్పటి నుంచీ నేను ఎప్పుడూ ముందు నడిచినవాడినే. ఆ దారిలో మొదటిసారి ఇంకొకరి వెనకాల నడిచాను. ఆయన కొడుతున్నాడు, ఆగుతున్నాడు, కదులుతున్నాడు. ఆయన కదిలితే నేను కదులుతున్నాను. ఆయన ఏం విన్నాడో నాకు తెలియదు. విన్నాడని నమ్మి అడుగు వెయ్యాలి. నా వెనకాల వచ్చినవాళ్ళు ఇన్నేళ్ళూ చేసింది ఇదే అని అప్పుడు తెలిసింది. తల మీది బండ కన్నా ఎక్కువగా ఆయన మెడనే చూస్తూ నడిచాను. నెరిసిన వెంట్రుకలు, టోపీ కింద ముడతలు. నాకన్నా రెట్టింపు ఏళ్ళు అవే డ్రిల్లుల పక్కన నిలబడ్డ మనిషి.

“సార్,” అన్నాను. “మీ చెవులు ఎప్పుడన్న చూపించుకున్నరా?”

ఆయన ఆగాడు. కొట్టడానికి ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉంది. కాసేపటికి దాన్ని మెల్లగా కిందికి దించి, నన్ను భయపెట్టకు బిడ్డా అన్నాడు.

బయటికి ఇంకా చాలా దూరం ఉంది. ఇద్దరం తలలెత్తి పైకి చూశాం. చూడ్డానికైతే బండ బాగానే ఉంది.